పెరటి దాసోహము

బసవ జయంతి నడివేసవిలో వచ్చును. వైశాఖ శుద్ధ తదియనాడు వీరశైవుల ఊళ్లలో పల్లకి వెడలును. వీథి మొగలో కొబ్బరిమట్టల పందిరి క్రింద చలివేంద్రము వెలయును. పానకము, మజ్జిగ పోయువారికి క్షణము తీరిక ఉండదు. అదే మధ్యాహ్నము ఆ వీథిలోని ఇండ్ల వెనుక, పెరటి గోడమీద, ఒక కాకి ముక్కు తెరచుకొని కూర్చుండును. చూచినవారు అది అరవబోవుచున్నదని తలతురు. కాని అది అరవదు. పక్షులకు చెమట పట్టదు. ఒంటివేడిని తగ్గించుకొనుటకు అవి నోరు తెరచి, గొంతు నదరించుచు, లోపలి తేమను ఆవిరిగా వెలికి పంపును. అట్లు పోయిన తేమను తిరిగి పొందుటకు నీరు వలెను. పానకపు పందిరి కడకు కాకి రాజాలదు, వచ్చినను తోలివేయుదురు.

ఆ కాకికి నీరు పెట్టవలెననుట సులభమే. ఎట్లు పెట్టవలెను, ఎవరికి పెట్టినట్లగును, పెట్టిన పిదప ఏమి చేయవలెను అను ప్రశ్నలు అంత సులభమైనవి కావు. శివభక్తుని ఇంటిలో ఈ ప్రశ్నలు పెరటితోనే ముగియవు. పూజగది వరకు వచ్చును.

అనంతపురపు సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఉరవకొండ, రాయదుర్గము వైపు పల్లెలలో ఇప్పటికిని కొన్ని మట్టిమిద్దెలు మిగిలియున్నవి. అట్టి ఇంటి ముందు అరుగు, వెనుక పెరడు. పెరటిలో ఒక వేపచెట్టు, జాలాడి నీరు పారుచోట కరివేప, మందార, గోడవారగా రేగుకంప, గాటిపాటి మూలన గడ్డివామి. ఆ ఇంటిలో ఒక అవ్వ ఉన్నదనుకొనవలెను. అట్టి అవ్వ లేని ఊరు లేదు కనుక ఇది కల్పన యని ఎవరును అనజాలరు.

అవ్వ తెల్లవారకముందే స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని కూర్చుండును. లింగపూజలో మాట తక్కువ, చూపు ఎక్కువ. పత్రి పెట్టిన పిదప, నీరు చిలికిన పిదప, మిగులునది చూచుటయే. ఏమియు కోరక, తొందరపడక, ఒకదానియందు దృష్టి నిలుపుట అచట అలవడును. పూజ ముగిసి లింగమును కరడిగెలో చేర్చిన తోడనే అవ్వ వెనుక గడపమీద కూర్చుండును. కన్నులు అవే. చూచు తీరును అదియే. గుడిలో కన్నులు మూసికొని, ఇంటికి వచ్చి కన్నులు తెరచి ఏమియు చూడనివారు పెక్కురు. వారితో పోల్చినచో అవ్వ పూజ మరి ఒక గంట సాగుచున్నదనవలెను.

ఆ గంటలో ఆమె చూచునది గొప్ప వింత కాదు. చీకటి విడకముందే తోక చీలిన నల్లని ఏట్రింత వేపకొమ్మపై కూయును. పిదప పిచ్చుకలు, వాని వెనుక పసుపుముక్కు గోరువంకలు రెండు, ఎప్పుడును జంటగానే. పికిలిపిట్టలు మందారముపై వ్రాలి తోక క్రింది ఎరుపును చూపుచు గొణుగును. ఉడుత చెట్టు దిగి, సగము దూరము వచ్చి, ఏదో మరచినట్లు వెనుకకు పరుగిడును. ప్రొద్దెక్కినకొలది సందడి తగ్గును. నడిమధ్యాహ్నము కదలునవి రెండే: నీడలో నడచు బెళవపిట్టలు, గోడపై తల యాడించు తొండ. మరల నాలుగు గంటల తరువాత పెరడు మేలుకొనును. మునిమాపున వేపతొఱ్ఱలోనుండి చిన్న గుడ్లగూబ యొకటి ముఖము వెలికి పెట్టి, అందరిని గద్దించినట్లు చూచును. వేపపండ్ల కాలమున గబ్బిలములు వచ్చి పండు చప్పరించి గింజలు రాల్చును; పక్షులు పండు మ్రింగి గింజను దూరమున విడుచును. గట్లమీద ఎవరును నాటని వేపచెట్లు మొలచుటకు కారణము ఇదియే.

పాలపిట్ట సంగతి కొంచెము వేరు. దసరానాడు దానిని చూచుట శుభమని జనులు ఊరి వెలుపలికి పోయి వెదకుదురు. కొందరు దానిని పట్టి పంజరములో చూపి కాసులు గైకొనుటయు కలదు. అదే పిట్ట వేసవిలో ఊరిచెంత చెట్టుతొఱ్ఱలో పిల్లలను సాకునపుడు దానివంక చూచువారుండరు. శుభము కొరకు చూచుట ఒకటి, చూచుటయే శుభమనుకొనుట మరొకటి.

చూపునకు ఇంత విలువ ఏల ఇయ్యవలెనో నీటిపాత్ర విషయమున తెలియును. దయగల గృహస్థు మొదటి దినము ఇత్తడి చెంబు నిండ నీరు నింపి మిద్దెమీద పెట్టును. ఎండకు లోహము కాలును, నీరు వేడెక్కును, ఏ పిట్టయు దరిజేరదు. రెండవ దినము లోతైన బకెట్టు పెట్టును. అందులో తేనెటీగలు తేలియాడును. అంచు నునుపగుటచే జారిపడిన ఉడుతపిల్ల పైకి రాజాలక చచ్చును. మూడవ దినము మట్టి మూకుడు పెట్టి, పుణ్యము వచ్చినదనుకొని, పది దినములు దానిని మరచును. అందులో దోమపిల్లలు పెరుగును, పాచి పట్టును. ఈ గృహస్థు చెడ్డవాడు కాడు. అతడు ఇచ్చినాడు, కాని చూడలేదు.

అవ్వ మూకుడు వెడల్పైనది, రెండుమూడు అంగుళములకు మించి లోతు లేనిది. నడుమ ఒక గరుకురాయి నీటికి పైకి తేలియుండును. తేనెటీగ ఆ రాయిమీద వ్రాలి అంచున నీరు పీల్చును. అది వేపనీడలో ఉండును; కాని పొదకు ఆనుకొని ఉండదు, పొదచాటున పిల్లి పొంచియుండును కనుక. ప్రతి ఉదయమును అవ్వ దానిని కొబ్బరిపీచుతో తోమి, పాతనీటిని కరివేప మొదట పోసి, క్రొత్త నీరు నింపును. బోరు ఎండి ట్యాంకరు కొరకు బిందెలు వరుసలో పెట్టు దినములందును ఆ మూకెడు నీటికి కొరత రాలేదు. కోడలు లెక్క చూచి ఒకసారి గొణిగినది. మూకుడు పట్టునది రెండు చెంబులేయని, ఆ పాతనీరు మొక్కకే పోవుచున్నదని గ్రహించి ఊరకున్నది.

దానమునకు, దాసోహమునకు గల భేదము ఇచట స్పష్టమగును. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. దాసోహమను మాటలోనే "దాసుడను నేను" అను భావమున్నది. దాసుడు యజమాని అక్కర నెరుగవలెను. దాసుడు తన వీలునుబట్టి వడ్డించడు. తినువాని ఆకలినిబట్టి వడ్డించును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు నెలకొల్పిన దాసోహమునకు నేటికిని ఇంత ఖ్యాతి ఉండుటకు వండిన అన్నపు రాశి కారణము కాదు. వచ్చినవాని ముఖము చూచి వడ్డించిన తీరే కారణము. ముఖము చూడని అన్నదానము గిడ్డంగి తలుపు తెరచుట వంటిది.

బసవేశ్వరుని చూపు పెరటిమీదను ప్రసరించినది. ఆయన ఒక వచనమున కాకిని, కోడిని చూపెను. తిండి కనబడినపుడు తనవారిని పిలుచు గుణము ఆ రెండింటియందున్నది. అంతపాటి చేయని భక్తుని గూర్చి ఆయన పలికిన మాట కఠినమైనది. అది పెరడు చూచినవాడు మాత్రమే పలుకగల మాటయని తోచును. కాకి దొరికినదంతయు పంచదు, కొంత తెచ్చి మిద్దె సందులలో దాచుకొనుటయు కలదని అవ్వకు తెలియును. దృష్టాంతమును దాని మేర వరకే గ్రహించవలెను; కాకిని మహాత్మునిగా చేయుట వచనకారుని ఉద్దేశము కాదు.

కాకి మహాత్ముడు కాదనుటకు కోయిలయు సాక్షియే. చైత్రము మొదలు కూయునది మగకోయిల, నిగనిగలాడు నల్లనిది. ఆడుది గోధుమవర్ణముపై తెల్లని చుక్కలు గలది. దానిని చూచి వేరొక పక్షి యనుకొనువారే ఎక్కువ. మగది కూయుచు కాకులను రెచ్చగొట్టి తరిమించుకొనును. ఆ సందున ఆడుది కాకిగూటిలో గ్రుడ్డు పెట్టి వెడలును. కాకి ఆ పిల్లను తన పిల్లయని మేపును. కవులు కోయిలను పొగడిరి, కాకిని తెగడిరి, పెంచునది కాకియే. అక్కమహాదేవి తన చెన్నమల్లికార్జునుని వెదకుచు శ్రీశైలము వైపు నడచునపుడు చిలుకలను, కోయిలలను అడిగెను. ఆమె అడిగినది గొంతు మాధుర్యమును చూచి కాదు. అడవిలో తనకంటె ముందు తిరిగినవారు, తనకంటె ఎక్కువ చూచియుండువారు అవియే యని అడిగెను.

ఇంతవరకు వచ్చిన పిదప ఒక చిక్కు ఎదురగును. దానిని దాటవేయుట నిజాయితీ కాదు. వీరశైవుని ఇల్లు శాకాహారపు ఇల్లు. ఆ ఇంటి దంతె సందులో గూడు కట్టిన పిచ్చుక పెద్దదైనపుడు గింజలు తినును. కాని పిల్లలకు తెచ్చునది గింజ కాదు, పురుగు. లేత గొంగళిని ముక్కున పట్టి రోజంతయు తిరుగును. ఇక కాకి, అవసరము పడినపుడు, ఆ పిచ్చుకపిల్లనే ఎత్తుకొనిపోవును. కాకికి నీరు పెట్టిన చేయి పిచ్చుకకు కీడు చేసినట్లు కాదా? అవ్వ మనుమడు ఒకనాడు ఇదే అడిగినాడు. కాకిని తోలి పిచ్చుకకు మాత్రమే నీరు పెట్టవలెనని వాని వాదము.

వాని కోపము మంచిదే. కాని పెరటికి న్యాయాధిపతిగా కూర్చుండు అధికారము ఎవరికిని ఈయబడలేదు. దయ అను ధర్మము, వేరొక దారి ఎన్నుకొనగలిగినవానికి విధింపబడినది. కాకికి వేరొక దారి లేదు, మనుష్యునకు కలదు. అందుచేతనే బసవేశ్వరుడు పులిని నిందించలేదు. జాతరకు తెచ్చిన గొర్రె తోరణపు ఆకులను మేయుచుండగా దానిని నరుకువారిని నిందించెను. దయయే ధర్మమునకు వేరు అని ఆయన చెప్పినది మనుష్యులకు. మనుమడు చేయదగిన పని వేరుగా నున్నది: ఇంటి పిల్లిని ఉదయము లోపల కట్టివేయుట, మూకుడును పొదకు దూరముగా జరుపుట, చిలుకను పంజరములో పెట్టిన ఇంటికి పోయి అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమని చెప్పుట. ఇవి వాని చేతిలోనివి. కాకి స్వభావము వాని చేతిలోనిది కాదు.

వైశాఖము చివర ఒక పికిలిపిల్ల మందారము క్రింద నేలపై పడియుండెను. రెక్కలు వచ్చినవి, తోక ఇంకను రాలేదు. మనుమడు పరుగున పోయి చేతిలోనికి తీసికొనబోయినాడు.

"అవ్వా, ఇది చచ్చిపోతాదా?"

"చెయ్యి పెట్టొద్దు నాయనా. వాళ్లమ్మ చూస్తాంది, ఆ కొమ్మమీద. నువ్వుంటే అది దిగదు."

వాడు గడప వరకు వెనుకకు వచ్చి కూర్చున్నాడు. కొంతసేపటికి తల్లి దిగి పురుగును నోటికందించినది. పిదప కొంచెము దూరమున నిలిచి పిలిచినది. పిల్ల ఎగిరియెగిరి రేగుకంపలో దూరినది. ఎగురుట నేర్చు దినములలో పిల్లలిట్లు నేలపై నుండుట సహజము. అనాథయని ఇంటిలోనికి తెచ్చి అన్నము, పాలు పోసి చంపినవారు కోకొల్లలు. నిజముగా ఆపదలో నున్నచో ఎత్తి సమీపపు కొమ్మపై నుంచిన చాలును; మనుష్యుడు తాకిన పిల్లను తల్లి చేర్చుకొనదనుట నిజము కాదు. కాని చాలసార్లు చేయవలసిన సేవ దూరముగా కూర్చుండుటయే. ఇది పెద్దలకే కష్టము. ఎనిమిదేండ్ల వానికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

దూరముగా కూర్చుండుట ఇంటిల్లిపాదికిని సాధ్యపడని దినము ఒకటి వచ్చినది. గడ్డివామి క్రిందినుండి ఆరడుగుల పాము వెలువడి గాటిపాడు దాటినది. కేకలు లేచినవి, ప్రక్కింటివారు కట్టెలతో వచ్చిరి. అది జెర్రిపోతు, విషము లేనిది, ధాన్యపు గాదె ఎలుకలను తినునది. నాగుపాముకు, కట్లపాముకు, రక్తపింజరకు, దీనికి గల భేదము పల్లెవారికి తెలియకపోదు. భయమున తెలివి నిలువదు, అంతే. నాగులచవితినాడు రాతినాగుపై పాలు పోసి, ప్రాణమున్న పాము కనబడినంతనే చంపుడని అరచువారిని బసవేశ్వరుడు వచనమున నిలదీసి ఎనిమిది వందల ఏండ్లు దాటినది. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. ఈ మూడు భక్తుల పేరిట శ్రీకాళహస్తి ఇదే రాయలసీమలో వెలసియున్నది. ఆ క్షేత్రమునకు పోయి వచ్చినవారి చేతిలోనే కట్టె ఉండెను. విషసర్పమైనచో చేయి పెట్టుమని, దగ్గరకు పొమ్మని దయ చెప్పదు. పాములు పట్టుట తెలిసినవారిని పిలువవలెను, పిల్లలను లోపల నుంచవలెను. జెర్రిపోతునకు త్రోవ విడిచిన చాలును. అవ్వ కొడుకు కట్టెను అడ్డము పెట్టి ప్రక్కింటివారిని ఆపినాడు. పాము గోడ సందున పోయినది.

కొందరు వ్యాఖ్యాతలు ఉత్సాహపడి పక్షిని జంగమమని, పాత్రలోని నీటిని జంగమార్చన యని వ్రాయుదురు. అది సరికాదు. వీరశైవమున జంగమము శివజ్ఞానము కలిగి లోకహితార్థము సంచరించు గురుమూర్తి. ఆ పదమును పలుచన చేయరాదు. జంగమమనగా చరించునది అను సామాన్యార్థము నిఘంటువున ఉన్నంతమాత్రమున కాకికి ఆ పీట వేయనక్కరలేదు. కాని పెరటిలోని ప్రాణి ఏమరపాటున వచ్చిన అతిథిని చూచుట భక్తునకు నేర్పును. జంగమమూర్తి మధ్యాహ్నము వేళకాని వేళ వాకిట నిలిచినపుడు, ఆయన దప్పిని ముఖమున చదువగల కన్ను ఎచటనో ఒకచోట అలవడవలెను గదా.

చూడని కన్నునకు నష్టము ఎంతటిదో రాబందులు తెలిపినవి. ఒకప్పుడు ఊరి వెలుపల చింతచెట్లపై అవి గుంపులుగా ఉండెడివి. 1990 తరువాతి దశాబ్దమున దేశమంతట అవి కూలినట్లు తగ్గినవి. పశువులకు వాడు డైక్లోఫినాక్ అను నొప్పిమందు కళేబరము ద్వారా వానిని చంపుచున్నదని పిదప తేలినది. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడినది. అప్పటికే పెక్కు ఊళ్లలో చింతచెట్లు ఖాళీ యైనవి. ఖాళీ యైనవని గమనించినవారును తక్కువ. రాబందును చూచుట అశుభమని పెద్దలు నేర్పియుండిరి.

పిచ్చుకకు అట్టి గతి పట్టలేదు. కాని పట్టణములలో అది తగ్గినదనుట అందరు ఎరిగినదే. 2010 మొదలు మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. పిచ్చుకకు కావలసినది దినము కాదు, సందు. మట్టిమిద్దెలో దంతెకు, గోడకు నడుమ ఒక బెత్తెడు ఖాళీ ఉండును. సిమెంటు కప్పులో అది ఉండదు.

అవ్వ ఇంటికిని సిమెంటు కప్పు వేయ నిశ్చయమైనది. మట్టిమిద్దె రెండేండ్లుగా కారుచున్నది. వానకాలమునకు ముందే పని ముగియవలెను. మేస్త్రి జ్యేష్ఠమున వచ్చి, పడమటి గదినుండి విప్పుట మొదలిడుదునన్నాడు. ఆ గది దంతె సందులోనే గూడు. అంతకు రెండు దినముల ముందు పిచ్చుకలు గడ్డిపోచలు మాని పురుగులు తెచ్చుట అవ్వ చూచినది. అనగా పిల్లలు వెలువడినవి. పిచ్చుకపిల్లలు గూడు విడుచుటకు ఇంచుమించు రెండు వారములు పట్టును.

"పిచ్చుక కోసం మిద్దె నిలుపుతామా అమ్మా? మేస్త్రి ఇంకో పనికి పోతే మళ్లీ దొరకడు. వాన పడితే?"

"పదైదు దినాలే కదప్పా. తూర్పు దిక్కు మొదలుపెట్టమను."

తూర్పున వంటయిల్లు. దానిని విప్పినచో పదిహేను దినములు పెరటిలో మూడురాళ్ల పొయ్యిమీద, ఎండలో వండవలెను. ఆ కష్టము కొడుకుది కాదు, అవ్వదియు కాదు, కోడలిది. నీటి లెక్క చూచి గొణిగిన కోడలే కొంతసేపు మాటాడక నిలిచి, సామానులు వెలికి తెచ్చుట మొదలిడినది. ఆ పదిహేను దినములలో ఒక గాలివాన వచ్చి పొయ్యిని ఆర్పినది. ఆ పూట ఇంటివారు అటుకులతో గడపిరి. దాసోహపు ఖర్చు ఎవరి తలపై పడుచున్నదో ఆ ఇంటి మగవారు అపుడైనను చూచియుందురని తలంపవలెను. రెండవ పూట కొడుకే వచ్చి రాళ్లు సర్ది, తాటాకు తడక అడ్డు కట్టినాడు.

పిల్లలు నాలుగింట మూడు ఎగిరినవి. ఒకటి గూటిలోనే చచ్చియుండెను. మేస్త్రి దంతె దించునపుడు మనుమడు ఆ గూటిని చూచినాడు: ఎండుగడ్డి, గోనెపీచు, కోడియీకలు, అవ్వ చీరకుచ్చు దారము ఒకటి.

క్రొత్త కప్పునకు సందు లేదు. కొడుకు ఒక చిన్న మట్టికుండకు బెజ్జము చేయించి, కాకి చేయి చొరని వెడల్పున, పడమటి గోడకు చూరు క్రింద కట్టినాడు. ఆషాఢమున వానలు పడినవి. వీథిలోని చలివేంద్రపు పందిరిని విప్పివేసిరి. ఆ కుండలోనికి ఇంతవరకు ఏ పిచ్చుకయు పోలేదు. అవ్వ లింగపూజ ముగించి, మూకుడు తోమి నీరు నింపి, వెనుక గడపమీద కూర్చుండి అటు చూచుచున్నది.